కుడివైపు గొంతు

సాముయేలు పంతులు చెవి మంచిదని మొయినాబాద్‌లో చెప్పుకునేవారు. చదువు బాగా చెప్తాడనీ, నెమ్మదస్తుడనీ చెప్పుకునేది తరవాత. ముందు చెవి సంగతే. ఆదివారం చర్చిలో అందరూ కలిసి పాడుతుంటే, వెనక వరసలో ఎవరి గొంతు శ్రుతి నుంచి జారిందో తల తిప్పకుండానే చెప్పేవాడు. హార్మోనియం కొనబోయేవాళ్లు ఆయన్ని వెంటబెట్టుకుని పట్నం పోయేవారు. మిషన్ బడిలో పిల్లలు గుసగుసలాడుకోవాలంటే, పంతులు వరండా దాటి బావి దాకా పోయాడని ఖాయం చేసుకున్నాకే నోరు విప్పేవారు.

ఆ చెవే ఆయనకు ఇద్దరు స్నేహితుల్ని తెచ్చిపెట్టింది.

ఒకాయన పున్నారావు. గండిపేట చెరువు కట్ట పనులు చూసే ఓవర్సీరు. రేపల్లె దగ్గరి మనిషి. మొయినాబాద్‌లో బస్సులు ఆగే చోటికి దగ్గర్లోనే ఒక ఇల్లు కిరాయికి తీసుకుని భార్యతో, చంటిపిల్లతో ఉండేవాడు. పట్నంలో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి వాల్వులూ తీగలూ ఏరుకొచ్చి, తన చేతులతోనే రికార్డు ప్లేయరుకు ఆంప్లిఫయరు కట్టుకున్నాడు. రెండోవాడు భిక్షపతి. చేవెళ్ల తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఒక సాయంత్రం బస్సు కోసం ఎదురుచూస్తూ పున్నారావు కిటికీలోంచి వచ్చే పాట విని, బస్సు వచ్చినా ఎక్కకుండా అక్కడే నిలబడిపోయినవాడు. పున్నారావు బయటికొచ్చి చూసి లోపలికి రమ్మన్నాడు. అప్పటినుంచీ ఆదివారం చర్చి అయిపోగానే సాముయేలు అటే వెళ్లేవాడు. చేవెళ్ల బస్సు దిగి భిక్షపతి వచ్చేవాడు. పొద్దు వాలేదాకా ముగ్గురూ రికార్డులు వినేవాళ్లు.

వినే తీరులో ఒకరికొకరికి పొంతన లేదు. పున్నారావు పాట కంటే పాటను పలికించే యంత్రాన్ని ఎక్కువగా వినేవాడు. తబలా మోత గట్టిగా తగిలిందా, సన్నటి గజ్జెల చప్పుడు చిట్లకుండా వచ్చిందా, అదీ ఆయన ధ్యాస. భిక్షపతికి అవేవీ పట్టవు. గొంతు వస్తే చాలు, కళ్లు మూసుకుని కరిగిపోయేవాడు. ఇద్దరూ వాదులాడుకుని ఎటూ తేలకపోతే, చివరికి సాముయేలు వైపు తిరిగేవాళ్లు. ఆయన ఒక మాట అనేవాడు. దాంతో వాదన అయిపోయేది.

అరవై ఎనిమిది చలికాలంలో పున్నారావు ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చాడు. అందులో జర్మనీ కంపెనీ ఒకటి కొత్తగా తయారుచేసిన హెడ్‌ఫోన్ల బొమ్మలున్నాయి. ఒకే వరసలో మూడు రకాలు. అప్పటిదాకా వాళ్లకు తెలిసిన హెడ్‌ఫోన్లు మిలిటరీ పాత సామాన్లలో దొరికే నల్లటివి. అవి పెట్టుకుంటే ఎవరో రేకు డబ్బాలో కూర్చుని పాడుతున్నట్టుండేది. ఇవి అట్లాంటివి కావట. కుడిచెవికి వేరే, ఎడమచెవికి వేరే ధ్వని వస్తుందట. కళ్లు మూసుకుంటే పాడేవాళ్లు ఎక్కడ నిలబడ్డారో, వాయించేవాళ్లు ఎక్కడ కూర్చున్నారో వేలుపెట్టి చూపించవచ్చట. అబిడ్స్‌లో రికార్డులు అమ్మే దుకాణంలో ఈ సంగతి ఎత్తితే అక్కడివాళ్లలో సగంమంది నమ్మలేదు. నమ్మినవాళ్లు కూడా ‘మనదాకా రావు’ అన్నారు. కానీ పున్నారావు బావమరిది ఓడల మీద వైర్‌లెస్ పని చేసేవాడు. ఈసారి అటు పోయినప్పుడు తప్పకుండా తెస్తానని మాటిచ్చాడు.

“పెద్దదే తెమ్మనున్రి రావుసాబ్,” అన్నాడు భిక్షపతి.

“నడిమిదే మేలండీ. పెద్దదానికి మన ఆంప్లిఫయరు చాలదు.”

“ఏదైతేంది, ముందైతే రానియ్యిన్రి,” అని సాముయేలు నవ్వాడు. ఆ చలికాలమంతా వాళ్లకు అదే ముచ్చట.

హెడ్‌ఫోన్ల కంటే ముందు ఉద్యమం వచ్చింది.

సంక్రాంతి దాటేసరికి పట్నంలో కాలేజీలు మూతపడ్డాయి. ముల్కీ కానివాళ్లకు, అంటే ఈ ప్రాంతంలో పుట్టిపెరగనివాళ్లకు, ఇక్కడి కొలువులు ఎట్లా ఇస్తారని గుమాస్తాలు, పంతుళ్లు, విద్యార్థులు రోడ్ల మీదికొచ్చారు. భిక్షపతి చేవెళ్లలో ముందు నడిచినవాళ్లలో ఒకడు. అతని కోపం ఊరికే వచ్చింది కాదు. తనకు రావలసిన పై కుర్చీలో కోస్తా నుంచి వచ్చిన మనిషి కూర్చుని, పని నేర్పమని భిక్షపతినే అడిగాడు. సాముయేలు కూడా చేవెళ్ల ఊరేగింపులో నడిచాడు. జై తెలంగాణ అని గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. పట్నంలో కాల్పులు జరిగి పిల్లలు చనిపోయారన్న వార్త వచ్చినరోజు బడిలో పాఠం చెప్పలేక ఊరికే కూర్చున్నాడు. ఆదివారాలు పున్నారావు ఇంటికి పోవడం మాత్రం మానలేదు. భిక్షపతి మానేశాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో, బంద్ జరుగుతున్న ఒక మధ్యాహ్నం, చేవెళ్ల నుంచి లారీలో జనం దిగారు. ఆంధ్రోళ్లు వెళ్లిపోవాలని అరుచుకుంటూ పున్నారావు ఇంటి మీదికి వచ్చారు. కిటికీ అద్దం పగిలింది. లోపల చంటిపిల్ల ఏడుపందుకుంది. సంగతి తెలిసి సాముయేలు పరుగెత్తుకుంటూ వచ్చి, గడప మీద నిలబడి, రెండు చేతులూ తలుపు చెక్కలకు అడ్డంపెట్టాడు.

గుంపులోంచి భిక్షపతి ముందుకొచ్చాడు. ఎండకు మొఖం కమిలిపోయి ఉంది. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి.

“జరుగన్నా.”

“జరుగ. లోపల పసిపిల్ల ఉన్నది.”

“పిల్లను ఎవ్వలేమంటలేరు. సామాన్ బయటేసి పోతం. జరుగు.”

“తెలంగాణ గావాలెనని నేన్గూడ అంటున్న భిక్షపతీ. గని ఇది ఒగల ఇల్లు.”

“ఇల్లా?” భిక్షపతి గొంతు చీలిపోయింది. “అక్కడ పోరగాండ్లు సస్తున్నరు. నువ్వు వీని ఇంట్ల కూసోని పాటలు ఇంటవా? నువ్వు ఎవ్వరి దిక్కన్నా?”

“ఎవ్వరి దిక్కు లేను. జరుగనంతే.”

భిక్షపతిది ఎడమచేతి వాటం. ఆ చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికే తెలియదు. అరచెయ్యి నిండుగా వచ్చి సాముయేలు కుడిచెవి మీద పడింది. తలుపు చెక్క పట్టుకుని సాముయేలు కింద పడకుండా ఆపుకున్నాడు. లోపల ఏదో పగిలినట్టయింది. తరవాత సన్నటి కూత ఒకటి మొదలయింది. దానివెనక జనం అరుపులు దూరంగా, నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు వినిపించాయి.

భిక్షపతి తన చెయ్యి వంక చూసుకున్నాడు. ఆ తరవాత వెనక్కి తిరిగి, “పోదాం పాండ్రి,” అని అరిచాడు. కొందరు కదల్లేదు. “పోదాం పాండ్రి అంటున్ననా!” అని వాళ్లను రెండు చేతులతో తోసుకుంటూ లారీ దాకా తీసుకుపోయాడు. ఆ వారంలోనే పోలీసులు అతన్ని పట్టుకుపోయి జైల్లో పెట్టారు.

చెవిలో కూత కొన్నాళ్లు వదల్లేదు. భార్య విమలమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. దవాఖానకు పోదామని పోరుపెట్టింది. బస్సులు లేవు, బయట గొడవలు, ఇట్లాంటప్పుడు చెవికోసం ఎవరు పోతారు అన్నాడాయన. కొన్నాళ్లకు కూత తగ్గింది. తగ్గింది కాబట్టి నయమైందనుకున్నాడు. నిజానికి నయమైందా లేదా అని పరీక్షించుకోవడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. ఎవరైనా కుడివైపు నుంచి పలకరిస్తే మనిషంతా అటు తిరిగేవాడు. అది వయసుతో వచ్చిన అలవాటని సర్దిచెప్పుకున్నాడు.

చర్చిలో పాట నేర్పేటప్పుడు మాత్రం ఆయనకు కోపం పెరిగింది. కుడివైపు వరసలో ఆడవాళ్లు గొంతు విప్పడం లేదని కసిరేవాడు. వాళ్లలో మేరీ అనే ఆమె గొంతు అందరికంటే గట్టిది. “మీరు పాడుతున్నరా, పెదవులు కదుపుతున్నరా?” అని ఒక ఆదివారం అందరి ముందరా ఆమెనే అడిగాడు. మేరీ కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఇంతకన్న గట్టిగ పాడితే అది అరుసుడైతది అయ్యగారూ,” అంది. అది కూడా ఆయనకు సగమే వినపడింది.

వానలు వెనకబట్టాక హెడ్‌ఫోన్లు వచ్చాయి. బావమరిది ఒకటి కాదు, రెండు తెచ్చాడు: నడిమిదీ పెద్దదీ. పోల్చి చూసుకోండి, తరవాత ఒకటి నేను తీసుకుంటాను అన్నాడట. వాటితోపాటు ఒక రికార్డు కూడా ఇచ్చాడు. రెండు చెవులకూ తేడా తెలియడానికి ప్రత్యేకంగా చేసిన రికార్డు అది.

భిక్షపతి అప్పటికి జైలునుంచి బయటికొచ్చాడు. అతన్ని పిలుద్దామన్నది పున్నారావే.

“అతను రాకుండా వింటే నాకు విన్నట్టుండదు మాస్టారూ. కోపం ఉంటే మీకుండాలి. మీకుందా?”

“నాకేం లేదు రావుగారూ. పిలువున్రి.”

ఆ ఆదివారం భిక్షపతి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి రావడానికి తటపటాయించాడు. పున్నారావు భార్య చంటిదాన్ని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. కాసేపటికి పున్నారావు పెట్టెలు తెరిచేసరికి, పాత రోజులు కొద్దిగా వెనక్కి వచ్చినట్టే అనిపించింది.

ముందు పున్నారావు పెట్టుకున్నాడు. నడిమిదీ, తరవాత పెద్దదీ. మళ్లీ నడిమిది. ఆయన మొఖం చిన్నపిల్లవాడి మొఖంలా అయిపోయింది. “ఇదిగో, ఫిడేలు తీగమీద కమాను రాపిడి వినిపిస్తోంది! రాపిడండీ! ఇన్నేళ్లూ మనం విన్నది ఏమిటసలు?” అన్నాడు. పెద్దదాంట్లో కింది స్థాయి మోత ఎక్కువగా ఉందనీ, అది వచ్చి పైవాటిని మింగేస్తోందనీ, తను మొదట చెప్పినట్టు నడిమిదే మేలనీ తేల్చాడు.

తరవాత భిక్షపతి. పెద్దది పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు కదల్లేదు. అతని చెంపల మీద నీళ్లు కారాయి. తుడుచుకోలేదు.

“ఆమె ఈడ నిలవడ్డది,” అన్నాడు, కుడిభుజం పక్కన గాలిలో చెయ్యి చాపి. “అన్నా, గీడ. ఊపిరి దీసుకునుడు గూడ ఇనవడ్తున్నది. జైల్ల ఒక్క పాట గూడ ఇనలే నేను. నా పానం లేచొచ్చినట్టున్నది.” హెడ్‌ఫోన్ తీసి రెండు చేతులతో పట్టుకుని, “పెద్దదే. నడిమిది ఎందుకు పనికొస్తది? గొంతు ఇంత దగ్గరికొస్తదా దాంట్ల?” అన్నాడు.

“గొంతొక్కటేనా పాటంటే?”

“గొంతు గాకుంటే ఏంది మరి?”

ఇద్దరూ మునుపటిలాగే వాదులాడుకున్నారు. ఇద్దరి గొంతుల్లోనూ సంతోషం ఉంది. పున్నారావు భార్య చాయ్ తెచ్చి, ఆ గోల చూసి నవ్వుతూ నిలబడింది. చివరికి ఇద్దరూ మునుపటిలాగే సాముయేలు వైపు తిరిగారు.

“ఇగ నువ్వు చెప్పన్నా. నువ్వు ఏదంటే అదే.”

సాముయేలు పెద్దది పెట్టుకున్నాడు. మెత్తటి తోలు గిన్నెలు రెండు చెవుల్నీ మూసేశాయి. బయటి చప్పుళ్లు ఆగిపోయాయి. పున్నారావు ముల్లు దించాడు.

ఎడమవైపున ఫిడేలు మొదలయింది. కమాను రాపిడి నిజంగానే వినిపించింది. ఆయన ఒళ్లు ఝల్లుమంది. ఫిడేలు కాసేపు ఒంటరిగా తిరిగి, ఎవరికోసమో ఆగినట్టు సన్నబడింది. ఇక పాట ఎత్తుకుంటుందని ఆయన ఎదురుచూశాడు. ఎవరూ ఎత్తుకోలేదు. ఫిడేలు మళ్లీ సాగింది, ఎవరి మాటకో జవాబు చెప్తున్నట్టుగా. మళ్లీ సన్నబడింది. కుడివైపున ఏమీ లేదు. చప్పుడు తగ్గడం కూడా కాదు, గోడ కట్టినట్టుంది.

“పాట ఏది?” అన్నాడు సాముయేలు. చెవులు మూసుకుని ఉండటంవల్ల తనెంత గట్టిగా అన్నదీ ఆయనకు తెలియలేదు.

భిక్షపతి నవ్వాడు. పంతులు పరాచికమాడుతున్నాడనుకున్నాడు.

“పాట వస్తలేదు రావుగారూ. వైరు ఊడినట్టున్నది.”

పున్నారావు గబగబా తీసుకుని తను పెట్టుకున్నాడు. వైరు కదిలించి చూశాడు. “వస్తోందే. శుభ్రంగా వస్తోంది,” అన్నాడు.

సాముయేలు తిరిగి పెట్టుకున్నాడు. ఫిడేలే. అప్పుడాయన నెమ్మదిగా హెడ్‌ఫోన్ తీసి, ముందువెనకలు మార్చి, కుడిది ఎడమచెవికి వచ్చేటట్టు పెట్టుకున్నాడు. ఒక ఆడమనిషి గొంతు ఎడమచెవి పక్కన తెరుచుకుంది. తెలియని భాష. భిక్షపతి చెప్పినట్టే ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. అంత దగ్గరగా ఒక గొంతును ఆయన జన్మలో వినలేదు. ఫిడేలు మాత్రం ఇప్పుడు ఎక్కడా లేదు.

ఆయన ఆ పాట చివరిదాకా విన్నాడు. విన్నంతసేపూ మేరీ మొఖం కళ్లముందు ఆడుతూనే ఉంది.

హెడ్‌ఫోన్ తీశాడు. పున్నారావు నేలచూపులు చూస్తున్నాడు. భిక్షపతి లేచి నిలబడి ఉన్నాడు.

“ఎప్పటి సంది అన్నా?”

“చిన్నప్పటి సంది జర అట్లనే…”

“అబద్ధం చెప్పకు.” భిక్షపతి ఒక అడుగు ముందుకేశాడు. “పోయిన ఏడు గీ అర్రల్నే, రేడియోల ఎలుక గీకినట్టు సప్పుడైతే ఏ పక్కకెల్లి వస్తున్నదో చెప్పినవు నువ్వు. ఎప్పటి సంది?”

సాముయేలు వంగి హెడ్‌ఫోన్‌ను పెట్టెలో పెట్టాడు. భిక్షపతి ఎడమచెయ్యి చంకలో దాచుకుని గోడకు ఆనుకున్నాడు. కొంతసేపటికి అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. రికార్డు అయిపోయి ముల్లు చివరి గాడిలో తిరుగుతూనే ఉంది. దాన్ని ఎత్తాలని ఎవరికీ తోచలేదు.

మరునాడు పొద్దున్నే భిక్షపతి వాకిట్లో ఉన్నాడు. వద్దన్నా వినకుండా సాముయేలును బస్సెక్కించి కోఠీ దవాఖానకు తీసుకుపోయాడు. పెద్ద డాక్టరు ముసలాయన, ఓపికగలవాడు. చెవిలో దీపం వేసి చూశాడు. ఇనుప చువ్వను మోగించి ఎముకకు ఆనించాడు. “లోపలి నరం పోయింది,” అన్నాడు. “దెబ్బ తగిలిన వారం పదిరోజుల్లో వచ్చి ఉంటే ఏమన్నా చేసేవాళ్లమేమో, అది కూడా గట్టిగా చెప్పలేను. ఇప్పుడు మాత్రం చేసేదేం లేదు.” ఆ తరవాత కాగితం మీద రాస్తూ, “దెబ్బ ఎట్లా తగిలింది?” అని అడిగాడు.

“కింద పడ్డ,” అన్నాడు సాముయేలు.

“నేను కొట్టిన సార్,” అన్నాడు భిక్షపతి.

డాక్టరు ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. ఏమీ రాయకుండా కలం మూసేశాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు భిక్షపతికి దొరికింది. అది సాముయేలుకు కుడివైపు. మెహిదీపట్నం దాటినప్పటి నుంచి భిక్షపతి ఏదో చెప్తూనే ఉన్నాడు. ఒకచోట చేతులు జోడించాడు. అజీజ్‌నగర్ దగ్గర తువ్వాలు మొఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బస్సు మోతలో సాముయేలుకు ఒక్క ముక్క కూడా అందలేదు. మళ్లీ చెప్పమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆ మాటలు రెండోసారి చెప్పించడం కంటే వినకపోవడమే మేలనిపించింది. మధ్యమధ్య తల ఊపాడు. వినపడటం లేదన్న సంగతి భిక్షపతికి ఎక్కడో తట్టినట్టుంది. చిల్కూరు దారి వచ్చేసరికి మాట్లాడటం ఆపేశాడు.

సాముయేలు చర్చిలో పాట నేర్పడం మానేశాడు. పాస్టరుగారు ఇంటికొచ్చి బతిమాలాడు. “ఒక చెవి చాలదా సాముయేలూ? నీ అంత తెలిసినవాళ్లు మనకెవరున్నారు?” అన్నాడు. ఒక ఆదివారం ఆయన మాట కాదనలేక ముందు నిలబడ్డాడు కూడా. అందరి గొంతులూ ఒకే దిక్కునుంచి ఒకే కుప్పగా వచ్చిపడ్డాయి. ఎవరు ఎక్కడున్నారో, ఎవరు తప్పారో విడదీయలేకపోయాడు. పాట మధ్యలో చెయ్యి దించి మేరీ దగ్గరికి పోయాడు. “నువ్వు ఎప్పుడూ మంచిగనే పాడినవమ్మా. నాకే ఇనవడలే,” అన్నాడు. ఆమె ఏదో అంది. ఆయన బయటికి నడిచాడు.

పున్నారావు తనంతట తానే బదిలీ అడిగి కృష్ణ ఆవలికి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు పెద్ద హెడ్‌ఫోన్ పెట్టె తెచ్చి సాముయేలు ముందు పెట్టాడు. “నా గుమ్మంలో నిలబడి పోగొట్టుకున్నారు మాస్టారూ. ఇంతకంటే ఏమివ్వాలో నాకు తెలియడం లేదు.”

“నాకెందుకు రావుగారూ? సగం పాట ఇంటే మిగిలిన సగం యాదికొస్తది. తీస్కపోన్రి.”

పున్నారావు దాన్ని చేవెళ్ల తీసుకుపోయి భిక్షపతికి ఇవ్వబోయాడు. అతను పెట్టెను ముట్టుకోను కూడా లేదట. చివరికి అది రేపల్లె సామాన్లతోపాటు లారీలో పోయింది.

భిక్షపతి కొన్ని ఆదివారాలు సాముయేలు ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ ఎడమవైపునే కూర్చునేవాడు. వినడానికి ఏమీ లేదు, వినాలని ఇద్దరికీ లేదు. విమలమ్మ చాయ్ ఇచ్చేది. తాగి, బస్సు టైము కాకముందే లేచేవాడు. ఈలోగా ఉద్యమం కూడా చల్లబడిపోయింది. నాయకులు రాజీకొచ్చారు. ఊరేగింపులు ఆగిపోయాయి. భిక్షపతి ఆఫీసులో పై కుర్చీలో అదే మనిషి ఉన్నాడు.

చివరిసారి వచ్చినప్పుడు భిక్షపతి చాయ్ ముట్టుకోలేదు.

“దేనికోసం కొట్టిన్నో అది రాలే అన్నా,” అన్నాడు. “అదన్న వచ్చుంటే, గిందుకోసమని చెప్పుకుందును. అది రాకపాయె. కొట్టిన దెబ్బ మాత్రం ఉండిపాయె.”

పోనీలే తమ్మీ అనాలని సాముయేలు అనుకున్నాడు. అంతకుముందు చాలాసార్లు అన్నాడు. ఆ మాటలో ఇప్పుడేమీ మిగల్లేదని ఇద్దరికీ తెలుసు. ఊరికే అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. భిక్షపతి ఆ చేతిని కాసేపు చూసి, మెల్లగా పక్కకు పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. తాండూరుకు బదిలీ చేయించుకున్నాడని తరవాత ఎవరో చెప్పారు. ఒకసారి పోయి చూసిరమ్మని విమలమ్మ చాలాసార్లు అంది. పోతా అనేవాడు. పోలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ఆయనకు పోవడానికి ఒక చోటంటూ లేకుండా పోయింది. ఇంటికొచ్చి, కాస్త తిని, మంచం వాల్చుకునేవాడు. ఎడమవైపు ఒత్తిగిలి, మంచి చెవిని దిండులో అదిమి పెట్టుకుంటే, రోడ్డు మీద బస్సులూ, విమలమ్మ గిన్నెల చప్పుడూ, చర్చిలోంచి వచ్చే సాయంత్రపు పాటా అన్నీ ఒక్కసారే ఆగిపోయేవి. ఆయన అట్లాగే పడుకునేవాడు.